ఇల్లు అమ్మే ముందు బాత్‌రూమ్ రిపేరు: మెరుపు కంటే ముందు చెమ్మ సంగతి

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు హాల్లో నిలబడి మాట్లాడతారు, పడకగదిలోకి తొంగి చూస్తారు. బాత్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలుపు తీసుకుని లోపలికే వెళ్తారు. కుళాయి తిప్పుతారు, ఫ్లష్ నొక్కుతారు, వాష్‌బేసిన్ కిందికి వంగి చూస్తారు. పైకి ఏమీ అనకపోయినా వాసన ఎలా ఉందో ముక్కు గమనిస్తూనే ఉంటుంది. ఈ ఇంటిని ఇన్నేళ్ళూ ఎలా చూసుకున్నారో ఆ రెండు నిమిషాల్లో వాళ్ళకొక అంచనా వచ్చేస్తుంది.

వాళ్ళు అలా చూడటంలో అర్థముంది. మంచినీళ్ళ పైపులు, మురుగు పైపులు, కరెంటు, వేడి ఆవిరి, సిమెంటు ఇంత చిన్న చోట ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే గది ఇంట్లో మరొకటి లేదు. నిర్లక్ష్యం ఎక్కడున్నా ముందు బయటపడేది ఇక్కడే. అందుకే అమ్మకానికి ముందు రిపేర్లు అనగానే చాలామంది మొదట చెయ్యేసేది బాత్‌రూమ్ మీదే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. వాటిలో సగానికి మూలం ఒక్కటి: కొనేవాళ్ళు అందం చూసి డబ్బులిస్తారనే నమ్మకం. అందానికి వాళ్ళు కాస్త కలుపుతారు, అనుమానానికి చాలా తగ్గిస్తారు. సీలింగ్ మీద అరచేయంత మరక కనిపించిందనుకోండి. ఆ మరకకు రంగు వేయించే ఖర్చుతో వాళ్ళు ఆగరు. వెనకేముందో తెలియదు కాబట్టి తమ ఊహకు అందిన అతిపెద్ద ఖర్చును ధరలోంచి తీసేస్తారు. కొందరు ఆ మాట కూడా చెప్పకుండా మళ్ళీ ఫోన్ చేయరు. అమ్మకం కోసం చేయించే ప్రతి పనినీ ఈ లెక్కతోనే చూడాలి: దీనివల్ల వాళ్ళ అనుమానం తగ్గుతుందా, పెరుగుతుందా?

పగలగొట్టాలా, వద్దా

మొదటి తప్పు సుత్తి ఎత్తకముందే జరుగుతుంది. గది పాతగా కనిపిస్తోంది కాబట్టి మొత్తం పీకేసి కొత్తగా చేయిద్దామని నిర్ణయించేసుకుంటారు. సొంతానికి చేయించుకునేటప్పుడు ఇందులో తప్పులేదు, ఏళ్ళ తరబడి వాడుకుంటారు. అమ్మబోయే ఇంట్లో మాత్రం పెట్టిన ఖర్చు కొద్ది నెలల్లోనే ధర రూపంలో తిరిగి రావాలి. మామూలుగా అదంతా రాదు. ఒక వీధిలో ఒక రకం ఇంటికి పలికే ధరకు ఒక పై హద్దు ఉంటుంది. ఎంత ఖరీదైన షవర్ బిగించినా ఆ హద్దు పెద్దగా కదలదు. పైగా ఇల్లంతా పాతగా ఉండి ఒక్క బాత్‌రూమ్ ధగధగలాడుతుంటే, పక్కనున్న వంటగది ఉన్నదానికంటే ఇంకా పాతగా కనిపిస్తుంది.

పగలగొట్టక తప్పని పరిస్థితులు వేరే ఉంటాయి. కింది గది సీలింగ్‌లోకి చెమ్మ దిగుతుంటే, నేల టైల్స్‌ను కర్రతో తడితే చాలాచోట్ల బోలు చప్పుడు వస్తుంటే, ఇనుప పైపులు లోపల తుప్పుపట్టి నీళ్ళు ఎర్రగా, సన్నధారగా వస్తుంటే పైపై పనులకు పెట్టిన డబ్బు దండగే. ఇవేవీ లేకుండా రంగు నచ్చకపోవడం, డిజైన్ పాతబడటం మాత్రమే సమస్య అయితే బాగా శుభ్రం చేయించి, టైల్స్ మధ్య సందుల్లోని గ్రౌట్ కొత్తగా నింపించి, కుళాయిలూ అద్దమూ లైట్లూ మార్చి అక్కడితో ఆపడం మంచిది. కట్టి చాలా ఏళ్ళయిన ఇళ్ళలో ఇంకో జాగ్రత్త ఉంది. ఒకప్పుడు పైపుల్లో, సీలింగ్ పలకల్లో, నేలకు అతికించే షీట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. పగలగొట్టినప్పుడు లేచే దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అలాంటి అనుమానం ఉంటే పరీక్ష చేయించిన తర్వాతే సుత్తి ఎత్తాలి.

రెండు చిన్న బాత్‌రూమ్‌ల మధ్య గోడ తీసేసి ఒక్క పెద్ద బాత్‌రూమ్ చేయించడం కూడా కొందరికి మంచి ఆలోచనలా కనిపిస్తుంది. కానీ ఇల్లు వెతికేవాళ్ళు ముందు అడిగేది ఎన్ని బాత్‌రూమ్‌లు ఉన్నాయని. ఎంత పెద్దవన్నది ఆ తర్వాతి ప్రశ్న. పొద్దున్నే అందరూ ఒకేసారి తయారవ్వాల్సిన కుటుంబానికి రెండో తలుపు విలువ బాగా తెలుసు.

నీళ్ళు ఎటు పోతున్నాయి

టైల్స్ వేస్తే నీళ్ళు ఆగిపోతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. మంచి టైల్ చాలావరకు ఆపుతుంది, నిజమే. టైల్‌కీ టైల్‌కీ మధ్య నింపే సిమెంటు గ్రౌట్ మాత్రం నీళ్ళు పీలుస్తుంది. రోజూ స్నానం చేసే చోట ఆ సందుల్లోంచి కొద్దికొద్దిగా దిగిన నీళ్ళు కింది సిమెంటు పొరలోకి చేరతాయి. అక్కడ వాటిని ఆపాల్సింది టైల్స్ కింద కంటికి కనిపించని వాటర్‌ప్రూఫింగ్ పొర. అది దెబ్బతిన్నా, అసలు వేయకపోయినా, పైన ఎంత ఖరీదైన టైల్స్ పరిచినా ఆ గది పైన పటారం, లోన లొటారమే.

అమ్మకం హడావిడిలో జరిగేది సరిగ్గా ఇదే. గోడ మీద తెల్లటి ఉప్పు పొర పైకి వస్తుంటే గీకించి, పుట్టీ పెట్టించి, పెయింట్ వేయిస్తారు. గోడలో ఊరుతున్న నీళ్ళు సిమెంటులోని లవణాలను కరిగించుకుని బయటికి తెస్తాయి. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. నీళ్ళ రాక ఆగనంతవరకు కొత్త పెయింట్ కిందా అదే జరుగుతుంది. కొన్ని వారాలకే రంగు ఉబ్బి పెచ్చులుగా లేస్తుంది. సరిగ్గా కొనేవాళ్ళు రెండోసారి చూడటానికి వచ్చే సమయానికి ఆ పెచ్చు కనిపిస్తే ఇంకేం చెప్పినా వాళ్ళు నమ్మరు. పాత మరక అలాగే ఉండి ఉంటే అది చిన్న లోపంగా మిగిలేది. రంగు కింద నుంచి తేలిన మరక దాచిపెట్టిన విషయంగా మారుతుంది.

కాబట్టి ఏం కొనాలో ఆలోచించే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోవాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, వాటర్ మీటర్ రీడింగ్ రాసిపెట్టుకుని రెండు గంటలు ఆగాలి. ఎవరూ నీళ్ళు వాడకపోయినా రీడింగ్ కదిలితే మీటర్ తర్వాతి లైనులోనే ఎక్కడో నీళ్ళు పోతున్నాయి. అందులో ఫ్లష్ ట్యాంకు వాటా ఉందో లేదో కూడా తెలుసుకోవచ్చు. ట్యాంకులో వంటకు వాడే రంగు కొన్ని చుక్కలు వేసి, ఫ్లష్ నొక్కకుండా పావుగంట వదిలేయాలి. రంగు కమోడ్‌లోకి దిగితే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత సరిగ్గా పట్టడం లేదు. ఆ మూత మార్చడం చిన్న పని. మీటర్ కదలకపోయినా చెమ్మ మాత్రం ఉందంటే మురుగు పైపునో, నేలనో అనుమానించాలి. ఆ బాత్‌రూమ్ వాడకం నాలుగైదు రోజులు ఆపేస్తే కింది మరక ఆరడం మొదలవుతుంది. తర్వాత ముందుగా నీళ్ళను బకెట్‌తో నేరుగా జాలీలో, అంటే నేల మీది నీళ్ళు పోయే చిల్లుల మూతలో, మాత్రమే పోసి చూడాలి. మరక మళ్ళీ తడిస్తే తప్పు పైపుది. తడవకపోతే, జాలీ మూసి నేలంతా నీళ్ళు నిలిపి చూడాలి. అప్పుడు తడిస్తే తప్పు నేలది. మొత్తం పగలగొట్టాలా, ఒక్క మూల విప్పితే సరిపోతుందా అన్నది ఈ వారం రోజుల ఓపిక మీదే ఆధారపడి ఉంటుంది.

పగలగొట్టాల్సే వస్తే అసలు డబ్బు పెట్టాల్సింది కనిపించని పొర మీద. పైపులు వేశాక, గోడలు మూసే ముందు వాటిలో నీళ్ళను ఒత్తిడితో నింపి ఎక్కడా కారడం లేదని చూడాలి. వాటర్‌ప్రూఫింగ్ కనీసం రెండు పూతలు ఉండాలి. మొదటిది ఒక దిశలో, అది ఆరాక రెండోది అడ్డంగా వేస్తే బ్రష్ వదిలేసిన చోట్లు కప్పుకుపోతాయి. నేలా గోడా కలిసే మూలలకు, పైపులు బయటికి వచ్చే చోట్లకు మెష్ పట్టీ అతికించి పూత వేయాలి, ఎందుకంటే పగిలేది ముందు అక్కడే. షవర్ వైపు గోడకు పూత మనిషి ఎత్తు వరకు పోవాలి. అంతా ఆరాక జాలీ మూసి, నేల మీద నీళ్ళు నిలిపి, కనీసం 24 గంటలు వదిలి, కింద చూడాలి. ఈ ఒక్క పరీక్షను టైల్స్ వేసే మేస్త్రీ తొందరలో చాలాసార్లు దాటేస్తారు. దాటనివ్వకూడదు. నీళ్ళు నిలిపిన రోజున, పూతలు వేసిన రోజున తీసుకున్న ఫోటోలు తర్వాత కొనేవాళ్ళకు చూపించడానికి ఏ ఖరీదైన కుళాయి కన్నా ఎక్కువ పనికొస్తాయి.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయడం గురించి ఒక మాట. పాతవి గట్టిగా పట్టుకుని, కింద చెమ్మ లేకుండా ఉంటే ఇది పనికిరాని పద్ధతేం కాదు, అందుకు తగిన అడ్హెసివ్‌లు ఉన్నాయి. లీకు ఉన్న నేల మీద వేస్తే మాత్రం లీకును ఇంకో పొర కింద పాతిపెట్టినట్టే. నేల ఎత్తు పెరుగుతుందన్న సంగతి కూడా చాలామందికి పని అయిపోయాక గుర్తొస్తుంది. తలుపు కింద రాసుకుంటుంది, జాలీ గుంటలా లోపలికి పోతుంది. బాత్‌రూమ్ నేల బయటి గది నేల కన్నా ఎత్తయితే నీళ్ళు గుమ్మం దాటి బయటికి వస్తాయి.

నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లం ఎటు ఉండాలో నేల పరిచే రోజే నిర్ణయమవుతుంది, తర్వాత మార్చలేం. స్నానం చేసే చోట ప్రతి మీటరుకీ దాదాపు 2 సెంటీమీటర్ల వాలు జాలీ వైపు ఉంటే నీళ్ళు నిలవకుండా పోతాయి. పెద్ద పెద్ద టైల్స్ కావాలని పట్టుబట్టినప్పుడు ఇక్కడే చిక్కొస్తుంది. గది మధ్యలో చిన్న చదరపు జాలీ పెడితే నాలుగు వైపుల నుంచీ వాలు కావాలి. పెద్ద టైల్ నాలుగు వైపులకూ వంగదు, దాన్ని మూలలకు కోయాల్సి వస్తుంది. గోడ పొడవునా ఉండే పొడవాటి జాలీ పెడితే ఒక్క వైపు వాలు చాలు, పెద్ద టైల్స్ కుదురుతాయి. జాలీ చిన్నదే ఉంచితే స్నానం చేసే చోట చిన్న టైల్స్ వేయడమే సరైనది. వాటి మధ్య గ్రౌట్ గీతలు ఎక్కువ కాబట్టి కాలు కూడా అంతగా జారదు. నేలకు అద్దంలా మెరిసే టైల్స్ వేయించడం తప్పుల్లోకెల్లా ప్రమాదమైనది. ఇల్లు చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు తడి నేల మీద ఒక్క అడుగు జారితే ఆ ఇంటి గురించి వాళ్ళకు మిగిలే జ్ఞాపకం అదే.

ఖాళీ ఇంట్లో వాసన

అమ్మకానికి పెట్టిన ఇల్లు తరచుగా ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎవరూ ఊహించని సమస్య ఒకటి వస్తుంది. జాలీ కింద, వాష్‌బేసిన్ కింద, కమోడ్ లోపల పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో దాదాపు 5 సెంటీమీటర్ల లోతున నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండి, మురుగు పైపులోని గాలిని ఇంట్లోకి రానివ్వకుండా అడ్డుకుంటాయి. వారాల తరబడి ఎవరూ వాడకపోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, వాసన నేరుగా గదిలోకి వస్తుంది. కొత్త టైల్స్, కొత్త కమోడ్, కొత్త పెయింట్ అన్నీ ఉండి, తలుపు తీయగానే మురుగు వాసన వస్తే వచ్చినవాళ్ళు పైపులు పాడయ్యాయనే అనుకుంటారు. దీనికి విరుగుడు అగరబత్తులో సెంటు డబ్బానో కాదు, అవి దేన్నో కప్పిపుచ్చుతున్నట్టు అనిపిస్తాయి. వారానికోసారి అన్ని జాలీల్లో చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. నీళ్ళు పోసినా వాసన పోకపోతే అప్పుడు ప్లంబర్‌ని పిలవాలి.

ఆవిరి సంగతి కూడా ఇలాంటిదే. సీలింగ్ మీద నల్లటి బూజు మచ్చలు కనిపిస్తే తుడిచి పెయింట్ వేయించి ఊరుకుంటారు, గాలి బయటికి పోయే దారి మాత్రం చూడరు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండి కూడా బూజు పడుతుంటే అది గాలిని ఎక్కడికి తోస్తోందో చూడాలి. ఫాల్స్ సీలింగ్ పైకి తోసి వదిలేసిన ఫ్యాన్లు చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. అలాంటప్పుడు చెమ్మంతా కనిపించని చోట పేరుకుంటుంది. గాలి గొట్టం గుండా ఇంటి బయటికే పోవాలి. ఫ్యాన్ సైజుకు సాధారణంగా వాడే లెక్క, గంటకు గదిలోని గాలి 8 సార్లు మారాలని. పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి, దాన్ని మళ్ళీ 8తో గుణిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల ఫ్యాన్ కావాలో వస్తుంది. రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు, అంతే ఎత్తున్న గదికి 100 ఘనపు మీటర్ల ఫ్యాన్ సరిపోతుంది. తలుపు కింద వేలెడు సందు లేకపోతే లోపలికి గాలి రాదు, అప్పుడు ఎంత పెద్ద ఫ్యాన్ అయినా చప్పుడే చేస్తుంది. ఫ్యాన్ దగ్గర పలచటి కాగితం ముక్క పట్టి చూడండి. ఫ్యాన్ జాలీకి అతుక్కుంటే పని చేస్తున్నట్టు.

కరెంటు విషయంలో చెప్పాల్సింది కొంచెమే, కానీ రాజీ పడకూడనిది. తడి గదికి వచ్చే లైన్లకు లీకేజీని గుర్తించి వెంటనే ఆపేసే బ్రేకర్ ఉండాలి. మనుషుల రక్షణకు చాలాచోట్ల వాడేది 30 మిల్లీఆంపియర్లది. పాత వైరింగ్ ఉంచేసి కొత్త గీజర్ తగిలించడం, ప్లగ్ పాయింటును షవర్ తుంపర పడే చోట వదిలేయడం కొనేవాళ్ళ తరఫున వచ్చే ఇన్‌స్పెక్టర్ మొదట రాసే లోపాలు. అంతకన్నా ముందు, ఒక మనిషి ప్రాణం సంగతి.

సొంత ఇష్టం, ఇంకొకరి ఇల్లు

రంగుల ఎంపికలో ఒక సులువైన పద్ధతి ఉంది. మార్చడం కష్టమైనవాటికి నెమ్మదైన రంగులు, మార్చడం తేలికైనవాటికి నచ్చిన రంగులు. టైల్స్, కమోడ్, బేసిన్ తెలుపు, లేత బూడిద, లేత మట్టి రంగుల్లో ఉంటే ఎవరి అభిరుచితోనూ గొడవ పడవు. ఆ ఏడాది ఫ్యాషన్ అయిన ముదురు ఆకుపచ్చ గోడంతా పరిస్తే, అది నచ్చనివాళ్ళు టైల్స్ పీకించే ఖర్చు లెక్కేసుకుంటారు. అదే రంగు తువ్వాలులో ఉంటే ఎవరూ పట్టించుకోరు.

కమోడ్‌ను ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరపాలనే ఆలోచన అమ్మే ఇంట్లో దాదాపు ఎప్పుడూ గిట్టుబాటు కాదు. దాని మురుగు పైపు 10 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది, దానికి వాలు కూడా కావాలి. మూడు మీటర్లు జరిపితే వాలు కోసమే కొన్ని సెంటీమీటర్ల లోతు నేలలో అదనంగా దొరకాలి. దొరకదు కాబట్టి నేల ఎత్తు పెంచుతారు, లేదంటే వాలు తగ్గిస్తారు. వాలు తగ్గిస్తే కొన్నాళ్ళకు మురుగు అడ్డుపడుతుంది. ఉన్న చోటే కొత్తది పెట్టేటప్పుడు కూడా కొలత తీసుకోకుండా కొనకూడదు. కొన్ని మోడళ్ళకు మురుగు నేలలోకి పోతుంది, కొన్నిటికి వెనక గోడలోకి. గోడ నుంచి పైపు మధ్య వరకు ఉన్న దూరం ఇంటికీ ఇంటికీ మారుతుంది. కొలత తప్పితే కమోడ్ గోడకు ఆనకుండా వెనక సందు మిగులుతుంది, లేదా అసలు పట్టదు. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, కూర్చుంటే మోకాళ్ళు ఎదురు గోడకు తగులుతాయా అన్నవి కాగితం మీద గీసి చూస్తే తేలిపోతాయి.

గోడ లోపల దాచే ఫ్లష్ ట్యాంకులు, వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే మిక్సర్ కుళాయిలు చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి. వాటి లోపలి భాగాలను రేపు విప్పడానికి దారి ఉంచారా లేదా అన్నది కొనే ముందే అడగాలి. దారి లేకపోతే ఒక చిన్న వాషర్ కోసం గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

అద్దం మీద వెలుగు ఒక్కటే పై నుంచి పడితే కళ్ళ కింద నీడలు పడి ముఖం అలసినట్టు కనిపిస్తుంది. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో లైట్లు ఉంటే ఆ నీడలు పోతాయి. ఒకే గదిలో పసుపు లైటూ తెల్ల లైటూ కలపకూడదు, టైల్స్ మురికిగా కనిపిస్తాయి.

తొందర చేసే చేటు

ఈ తప్పుల్లో చాలావాటి వెనక ఉండేది తేదీ టెన్షన్. ప్రకటన ఇచ్చేశారు, ఆదివారం ఎవరో చూడటానికి వస్తామన్నారు, మేస్త్రీని తొందరపెడతారు. సిమెంటు మాత్రం తొందరపడదు. తడి ప్లాస్టర్ మీద పెయింట్ వేస్తే బుడగలొస్తాయి. టైల్స్ కుదురుకోకముందే నడిస్తే కదిలిపోతాయి. సందులు మూయడానికి సిలికాన్ పేస్టు వేసిన చోట ఒక రోజు నీళ్ళు తగలకూడదు. పాత సిలికాన్ మీదే కొత్తది రాయడం ఇంకో అలవాటు. ఆరిపోయిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ పట్టదు, కొన్నాళ్ళకు తీగలా ఊడి వస్తుంది. పాతదాన్ని బ్లేడుతో పూర్తిగా తీసి, తుడిచి, ఆరబెట్టి వేయాలి. నేలా గోడా కలిసే మూలల్లో గ్రౌట్ బదులు సిలికాన్ ఉండాలి, ఎందుకంటే అక్కడ కొద్దిపాటి కదలిక ఉంటుంది, గట్టి గ్రౌట్ పగులుతుంది.

టైల్స్, కుళాయిలు, కమోడ్ అన్నీ ఇంటికి చేరాకే పాతవి పగలగొట్టించాలి. సగం పగలగొట్టాక ఒక్క మిక్సర్ రావడం ఆలస్యమై పని మొత్తం ఆగిపోవడం మామూలే. టైల్స్ అవసరమైనదానికన్నా పదో వంతు ఎక్కువ, ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోవాలి. బ్యాచ్ మారితే అదే పేరున్న టైల్ కూడా రంగులో తేడా చూపిస్తుంది.

తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం గురించి మెత్తగా చెప్పాల్సిన పని లేదు. చాలా దేశాల చట్టాల్లో అది కొన్నవాళ్ళు కోర్టుకు వెళ్ళడానికి సరిపడే కారణం. చట్టం ఊసెత్తకపోయినా, దాచిన లీకు కింద ఒక కుటుంబం నివసించబోతోంది, ఆ చెమ్మ గాలి పీల్చేది వాళ్ళ పిల్లలు. బాగుచేయించే స్తోమత లేకపోతే ఉన్న సంగతి చెప్పి, ప్లంబర్ రాసిచ్చిన అంచనా చూపించి, ధరలో అంత తగ్గించడమే మంచి దారి. అంకె కళ్ళెదుట ఉంటే కొనేవాళ్ళు అంతకు మించి ఊహించుకోవడం తగ్గిపోతుంది.

పెద్ద పనులేవీ పెట్టుకోనివాళ్ళకు కూడా ఒక వారాంతంలో చేయగలిగినవి ఉన్నాయి. చుక్కలు కారే కుళాయి వాషర్ మార్చడం, షవర్ రంధ్రాల్లో పేరుకున్న ఉప్పును వెనిగర్‌లో నానబెట్టి తీయడం, వదులైన కమోడ్ సీటు మార్చడం, నల్లబడిన సిలికాన్ తీసి కొత్తది వేయడం. వెనిగర్ పాలరాయి మీద మాత్రం పడకూడదు, మెరుపు తినేస్తుంది. ఇవన్నీ అయ్యాక బిల్లులు, వాటర్‌ప్రూఫింగ్ ఫోటోలు, టైల్ బ్యాచ్ నంబరు రాసిన కాగితం ఒక కవర్లో పెట్టి, మిగిలిన టైల్స్‌తో పాటు వాష్‌బేసిన్ కింది అరలో ఉంచితే, వంగి చూసినవాళ్ళకు చెమ్మకు బదులు అవి కనిపిస్తాయి.